‘ప్యాడ్’ అంటే ఏమిటో మీలో ఒక్కరికైనా తెలుసా?

చెన్నై,
మే 28.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. మీ యాప్‌లో నేను పెట్టిన ఆరు ఫిర్యాదులూ పెట్టిన మర్నాటికల్లా ‘పరిష్కారమైనవి’ అయిపోయాయి. కాగితాన్ని అవతల పారేయాలన్నా ఎవరో ఒకరు చేత్తో పట్టుకోవాలి కదా, అదొక్కటే నా ఆశ.

జరిగింది చిన్న సంగతి. అలల మీద నిలబడి తేలే నా సర్ఫ్‌బోర్డు మీద, కాలు జారకుండా రాసే మైనం రెండేళ్లుగా ఇసుకతో కలిసి నల్లగా పేరుకుపోయింది. వెనక కాలు ఆనించే చోట పట్టు కోసం అంటించిన మెత్తటి అట్ట, అంటే పాత ట్రాక్షన్ ప్యాడ్, అంచులు లేచిపోయాయి. రెండూ తీసేద్దామని ఏప్రిల్ 11న మీ దగ్గర ఒక సెట్టు తెప్పించాను. మైనం కరిగించే ద్రావకం, గీకే దువ్వెన, కొత్త ప్యాడ్. సీసా మూత వదులై ద్రావకం దారిలోనే ఒలికిపోయింది. పాత జిగురును వదిలించాల్సింది కాస్తా కొత్త ప్యాడ్ జిగురును వదిలించి తన ధర్మం తాను నెరవేర్చుకుంది. దాని మీద నాకు కోపం లేదు. సీసాలన్నాక కారుతాయి.

నా కోపం ఆ తరువాతి కథ మీద.

ఏప్రిల్ 14, తమిళ సంవత్సరాది. సెలవు కదా అని తీరిగ్గా ఫోను చేశాను. తెలుగు కోసం నాలుగు నొక్కమన్నారు, నొక్కాను. ‘మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం’ అని ఒక గొంతు ఇరవై రెండు నిమిషాలు బుజ్జగించాక లైనులోకి వచ్చినాయనకు తెలుగు రాదు. సరే, ఇంగ్లీషులో చెప్పుకున్నాను. బోర్డు అనే మాట వినగానే ‘ఒకసారి స్విచ్ ఆపి మళ్లీ వేసి చూశారా?’ అన్నారు. అది సముద్రంలో వేసేది, దానికి స్విచ్ ఉండదన్నాను. ‘నీళ్లలో పడిన వస్తువుకు వారంటీ వర్తించదు సార్’ అని ఎంతో మర్యాదగా ఫోను పెట్టేశారు.

రెండోసారి మాట్లాడినావిడ వ్యాక్స్ అనే మాటను పట్టుకుని నన్ను సౌందర్య సాధనాల విభాగానికి పంపారు. అక్కడినుంచి సందేశం వచ్చింది: వాడే ముందు మోచేతి దగ్గర కొద్దిగా రాసి, దద్దురు వస్తుందేమో 24 గంటలు చూడాలట. మూడోసారి ప్యాడ్ అనే మాట వారి చేతికి చిక్కింది. ‘వ్యక్తిగత పరిశుభ్రతకు సంబంధించిన వస్తువులను తెరిచాక వెనక్కి తీసుకోము’ అని మెయిలు. పెట్టెలో ఏముందో తెలియజేసే ఫొటోలు అప్పటికి మూడుసార్లు పంపి ఉన్నాను. నా భార్య ఆ మెయిలును ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చదివి వినిపిస్తోంది. ఈ నెలన్నరలో మీ సంస్థ వల్ల మా ఇంట్లో ఎవరికైనా మేలు జరిగిందంటే అది ఆమెకే.

నాలుగో ప్రతినిధి మాత్రం సర్ఫింగ్ తెలిసినట్టే మాట్లాడారు. ప్రాణం లేచొచ్చింది. ‘బోర్డును రోజంతా ఎండలో పెట్టండి సార్, అన్నీ వాటంతటవే ఊడిపోతాయి’ అన్నారు. నిజమే, పై పొర కూడా ఊడిపోతుంది! మైనం మెత్తబడడానికి పది నిమిషాల ఎండ చాలు. చెన్నై మే నెల ఎండలో రోజంతా ఉంచితే లోపలి ఫోమునుంచి పైపొర విడిపోయి బుడగలా ఉబ్బుతుంది. అప్పుడు మీ దగ్గరే కొత్త బోర్డు కొనాలన్న దూరదృష్టి ఏమైనా ఉందేమో నాకు తెలియదు. ఆ తరువాత ‘మా పై అధికారి 48 గంటల్లో ఫోను చేస్తారు’ అన్నారు. ఆ అధికారి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

చివరికి నా బోర్డును బాగుచేసింది ఎవరో చెప్పనా? చెన్నై దగ్గరి కోవళంలో వలలు అల్లుకునే ఒక పెద్దాయన. నా గోడు విని మూరెడు నైలాన్ దారం తెంపి ఇచ్చారు. ఇంటికొచ్చి మైనానికి కాసేపు ఎండ చూపించి, గడువు తీరిన ఏటీఎం కార్డుతో గీకితే చుట్టలు చుట్టలుగా లేచొచ్చింది. ప్యాడ్ అంచును హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, ఆ దారాన్ని కిందకు దూర్చి రంపంలా అటూ ఇటూ లాగాను. కరకరమంటూ ఊడింది. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె పట్టించి అరగంట ఆగి బొటనవేలితో రుద్దితే ఉండలు కట్టి రాలిపోయింది. నూనె జిడ్డు మిగిలితే కొత్త ప్యాడ్ నిలవదు కాబట్టి సబ్బుతో రెండుసార్లు కడిగాను. మొత్తం ఒక పూట పని. ఆ పెద్దాయన నన్ను ఏ నంబరూ నొక్కమనలేదు.

ఆరేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాను. కాలికి కట్టుకునే తాడునుంచి మా అక్క కొడుకు ఈత కళ్లద్దాల దాకా. విశాఖలో మా బావమరిది రుషికొండలో సర్ఫింగ్ మొదలుపెడితే మీ పేరే చెప్పాను. ఇప్పుడు ఆయన ఫోను చేసినప్పుడల్లా నేను వాతావరణం గురించి మాట్లాడుతున్నాను.

డబ్బు వెనక్కి ఇస్తారో, కొత్త ప్యాడ్ పంపుతారో మీ ఇష్టం. కానీ ట్రాక్షన్ ప్యాడ్ అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోను చేసి, జరిగినదానికి క్షమించమని అడగాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. మొదటి ఫోను చేసి నేటికి 44 రోజులు. 15 రోజులు చూస్తాను. ఆ పైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఇంత చిన్న మొత్తానికి అక్కడ రుసుము కూడా లేదు. ఆ మెయిలును న్యాయమూర్తిగారి ముందు చదివి వినిపించడానికి మా ఆవిడ ఇప్పటికే సిద్ధంగా ఉంది.

ఇట్లు,
మీ మెయిళ్లన్నిటిలో ‘విలువైన వినియోగదారు’
తిరువాన్మియూరు, చెన్నై.

తా.క.: ఈ ఉత్తరం అందగానే ‘మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?’ అని సందేశం పంపవద్దని మనవి. నిన్న రాత్రి 11 గంటలకు ఒకటి వచ్చింది.