పాట నడుస్తోంది, శబ్దం లేదు: తప్పు మాదే

మా దగ్గర కారు స్టీరియో మార్పించుకున్న ఒక కస్టమరు గత నెలలో మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. తెర వెలుగుతోంది, పాట నిమిషాలు కదులుతున్నాయి, కానీ ఒక్క స్పీకరూ పలకదు. మొదటిసారి స్టీరియోలోనే లోపమన్నాం. రెండోసారి కొత్తది బిగించి పంపాం. అదీ మూగగానే ఉంది. లోపం ఆ రెండింటిలోనూ లేదు, మా పనిలో ఉంది. మీ అందరికీ ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మూడోసారి డ్యాష్‌బోర్డు నేనే విప్పాను. స్టీరియో వెనక వైర్లలో నీలం మీద తెల్ల చార ఉన్నదాని కొనకు నల్ల టేపు చుట్టి పక్కన వదిలేశారు. విడిగా యాంప్లిఫయర్ (స్పీకర్లకు శబ్దం పెంచి పంపే పెట్టె) పెట్టించుకున్నవారికే అది అవసరమని మావాళ్లు అనుకున్నారు. అలా నేర్పింది నేనే. ఆ కారుకేమో తయారీలోనే సీటు కింద యాంప్లిఫయర్ అమర్చి ఉంది. స్టీరియో వేయగానే ఆ వైరు గుండా 12 వోల్టులు అందితేనే అది పనిచేస్తుంది. టేపు విప్పి వైరు కలిపాను. తలుపుల్లోంచి సన్నగా టప్‌మని వినిపించింది, ఆ వెంటనే పాట అందుకుంది. పది నిమిషాల పని! దానికోసం ఆయన మూడు రోజులు పోగొట్టుకున్నారు. (చార లేని నీలం వైరు యాంటెన్నాది. పొరపాటున దానికి కలిపితే కొన్ని స్టీరియోల్లో రేడియో పెట్టినప్పుడే శబ్దం వస్తుంది.)

మేము తరచుగా చూసే మరో కారణం, స్పీకరు వైరు కారు బాడీకి తగలడం. మైనస్ అంటే ఎర్తే కదా అని కొందరు దాన్ని బాడీకే కలిపేస్తారు. ఇప్పటి స్టీరియోల్లో స్పీకరుకు వెళ్లే రెండు వైర్లలోనూ సుమారు 6 వోల్టులు ఉంటాయి. వాటిలో ఒక్కటి ఇనుముకు ఆనినా, స్టీరియో తనను కాపాడుకోవడానికి శబ్దం మొత్తం ఆపేస్తుంది.

ఇకపై స్టీరియో కలపకముందే ప్రతి స్పీకరు వైర్ల జతనూ మీటరుతో చూస్తాం. కారులో తయారీలో అమర్చినదైనా, తర్వాత పెట్టించుకున్నదైనా విడి యాంప్లిఫయర్ లేకపోతే, 4 ఓమ్‌ల స్పీకరుకు 3 నుంచి 4 మధ్య రావాలి. వైరుకూ బాడీకీ మధ్య మాత్రం కలిసి ఉన్నట్టు మీటరు చూపకూడదు. తర్వాత నాలుగు స్పీకర్లనూ ఒక్కొక్కటిగా మీ ఎదుటే వినిపిస్తాం. కారు అప్పగించడం అరగంట ఆలస్యమవుతుంది, దయచేసి ఓపిక పట్టండి.

మీ కారులో శబ్దం ఆగిపోతే, ముందు మ్యూట్ నొక్కి ఉందేమో, సెట్టింగుల్లో ఫేడర్ (ముందు, వెనక స్పీకర్లకు శబ్దం పంచేది) ఒక మూలకు జరిగిందేమో చూడండి. అవి సరిగ్గానే ఉంటే తీసుకురండి. మేము బిగించినదైతే పరీక్షకు డబ్బు తీసుకోం.

ఇంకొక మాట. పాత రసీదులు తిరగేస్తుంటే, స్పీకర్లు పోయాయని చెప్పి కొత్తవి కొనిపించిన సందర్భాలు కొన్ని కనిపించాయి. అవి నిజంగా పోయాయో లేదో ఇప్పుడు నాకు అనుమానంగా ఉంది. ఆ పాత స్పీకర్లు ఇంకా మీ ఇంట్లో ఉంటే తీసుకురండి. మీ ఎదుటే పరీక్షిస్తాను. బాగున్నాయని తేలితే కొత్తవాటికి తీసుకున్న డబ్బు అప్పుడే తిరిగి ఇచ్చేస్తాను.