ఆదివారం గెర్టీని చూద్దాం రండి

అందరికీ నమస్తే 🙏

ఈ ఆదివారం సాయంత్రం 6 గంటలకు క్లబ్‌హౌస్‌లో అమెరికన్ కార్టూనిస్టు విన్సర్ మెకే 1914లో తీసిన మూకీ యానిమేషన్ సినిమా ‘గెర్టీ ది డైనోసార్’ వేస్తున్నాం. పావుగంటలోపే అయిపోతుంది, కాబట్టి 10 నిమిషాలు ముందే వచ్చేయండి.

కదిలే బొమ్మను మాత్రమే గీసి, ఒకే నేపథ్యం మీద పరిచే పారదర్శక సెల్ షీట్ల వాడకం అప్పటికింకా లేదు. గెర్టీ తోక కదిలిన ప్రతిసారీ వెనకున్న కొండలు, రాళ్లు కూడా కొత్త కాగితం మీద మళ్లీ గీయాల్సిందే! వేల కాగితాల మీద ఆ నేపథ్యం గీసింది సహాయకుడు జాన్ ఫిట్జ్‌సిమన్స్. గెర్టీ ఊపిరి పీల్చేటప్పుడు పొట్ట ఎలా పొంగుతుందో తప్పకుండా చూడండి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

మొదట్లో మెకే స్టేజీ మీద కొరడా పట్టుకుని నిలబడి, తెర మీది గెర్టీతో మాట్లాడేవాడు. మన ప్రింటులో ఆ మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో వస్తాయి. పిల్లల కోసం తెలుగులో గట్టిగా చదివేవాళ్లు ఒకరు కావాలి. ఎవరు వస్తారు?

ఇంటికో చిన్న తెల్ల నోట్‌ప్యాడ్, పెన్సిల్ తెచ్చుకోండి. సినిమా అయ్యాక పిల్లలతో ఫ్లిప్‌బుక్ (పేజీలు గబగబా తిప్పితే బొమ్మ కదిలినట్టు కనిపించే పుస్తకం) చేయిద్దాం.

ఎంతమంది వస్తున్నారో శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి, కుర్చీలు వేయించాలి.

మూకీ సినిమా కదా, ఫోన్లు సైలెంట్‌లో పెట్టడం మర్చిపోవద్దు.