రెండో క్లాస్ పిల్లలకి ఇంత స్క్రీన్ ఎందుకండీ?

ఎడిటర్ గారికి నమస్కారం. మా బాబు విజయవాడలో ఒక ప్రైవేట్ స్కూల్లో రెండో క్లాస్ చదువుతున్నాడు. అడ్మిషన్ అప్పుడు డిజిటల్ బోర్డు చూపించి మురిసిపోయారు, ఫీజులో దానికి వేరే లైను కూడా ఉందనుకోండి, సరే పాఠానికి వాడితే ఎవరు కాదంటారు, కానీ టీచర్ లీవ్ పెడితే వీడియో, లంచ్‌లో గోల చేయకుండా ఉండాలంటే రైమ్స్, వానొచ్చి గ్రౌండ్ తడిస్తే కార్టూన్, ఇంటికొస్తే హోంవర్క్ మళ్ళీ యాప్‌లోనే. బోర్డు మీద వేలితో 'ఋ' గీస్తే అదే చక్కగా దిద్దేస్తుందంట, అదే పెన్సిల్ చేతికిస్తే రెండు లైన్లకే వేళ్ళు నొప్పి అంటున్నాడు.

5 నుంచి 10 ఏళ్ళ పిల్లలకి రోజుకి స్క్రీన్ 2 గంటల లోపే ఉండాలని పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్తోంది. కరోనా టైంలో, బడులే మూతపడ్డప్పుడు, 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం కేంద్రం ఇచ్చిన ప్రజ్ఞాత గైడ్‌లైన్స్‌లో కూడా 1 నుంచి 8 క్లాసులకి రోజుకి రెండే సెషన్లు, ఒక్కోటి 30-45 నిమిషాలు అన్నారు. ఇప్పుడు టీచర్ ఎదురుగానే ఉన్నారు కదా! బడుల్లో స్క్రీన్లు బాగా వాడిన స్వీడన్ వాళ్ళే 2023లో మళ్ళీ పుస్తకాలకి డబ్బులు కేటాయించారు.

పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే "ఇంట్లో మీరు ఫోన్ ఇవ్వట్లేదా" అని మా మీదకే తిప్పారు. ఇంటి సంగతి మేం చూసుకుంటామండీ. విద్యాశాఖ వాళ్ళు 1, 2 క్లాసుల్లో రోజుకి స్క్రీన్ ఎంతసేపో టైంటేబుల్‌లో రాసి నోటీసు బోర్డులో పెట్టమని అన్ని స్కూళ్ళకీ చెప్పాలి.

- ఒక తల్లి, విజయవాడ