ముందు షెడ్డుకి కరెంటివ్వండి, తర్వాత కాంప్లెక్స్ కూల్చండి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

గోదావరి డెల్టాలోని ఒక పురపాలక కాంప్లెక్స్‌లో సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు అమ్ముకుంటూ, బాగుచేసుకుంటూ బతికే దుకాణదారులం నమస్కరించి రాస్తున్నాం. ఏ కాంప్లెక్సో మీ పేషీకి తెలుసు. సోమవారం గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీలన్నిటికీ ‘పరిష్కరించబడినది’ అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో ఉండదు, అడిగితే చెప్పే నాథుడూ లేడు. అందుకే నలుగురిలో అడుగుతున్నాం, ఏమీ అనుకోకండి.

మా కాంప్లెక్స్ పడగొట్టి కొత్తది కడతామని, అందాకా మమ్మల్ని రేకుల షెడ్లలోకి మారమని మీ శాఖ చెప్పింది. ఆధునికీకరణ వద్దని మేమెప్పుడన్నామండి? శ్లాబు పెచ్చులూడుతోంది. వానొస్తే మెట్ల కింద మీటర్ల గది చెమ్మెక్కుతుంది. పాత తారు చెక్కకుండా రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ మా గడపలు రోడ్డు కంటే కిందికి పోయాయి. పడగొట్టి కట్టాల్సిందే. మా గొడవల్లా ఒక్కటే. ఖాళీ చేయమన్న తేదీ వచ్చేస్తోంది, మేం వెళ్లాల్సిన షెడ్లు మాత్రం దుకాణాలు కాలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాం గానీ, దాటకముందే తగలేయమంటే ఎలాగండి?

కొత్త కాంప్లెక్స్ పెద్ద నగరాల షోరూముల తరహాలో ఉంటుందని తెరమీద బొమ్మలు చూపించారు. వాటిలో న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలోని ఆపిల్ గాజు పెట్టె కూడా ఉంది. సంతోషం. మరి దాన్ని బాగుచేసినప్పుడు వాళ్లేం చేశారో కూడా ఆ తెరమీదే చూపిస్తే బాగుండేది. 2006లో తెరిచిన ఆ దుకాణాన్ని 2017 జనవరిలో పనులకోసం మూశారు. మూసేనాటికి అదే భవనంలో, పక్కనే, అంతకుముందు బొమ్మల దుకాణం ఉన్న చోట తాత్కాలిక దుకాణం సిద్ధం చేసుకున్నారు. 2019 సెప్టెంబరులో అసలు దుకాణం మళ్లీ తెరిచేదాకా, అంటే రెండున్నరేళ్లకు పైగా, వ్యాపారం అక్కడే నడిచింది. కొన్నవాడు రిపేరుకి వస్తే ఎక్కడికెళ్లాలో వెతుక్కోనక్కర్లేకుండా పక్క గుమ్మం చూపించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2016లో దుకాణం మార్చినప్పుడు కూడా కొత్తది సిద్ధమయ్యాకే పాతదానికి తాళం వేశారు. మాకు గాజు పెట్టె అక్కర్లేదు. ఆ వరస చాలు.

ఇప్పుడు షెడ్ల సంగతి. కాలవగట్టున పాత చేపల మార్కెట్ స్థలంలో పది అడుగులకు పది అడుగుల రేకుల గదులు వేశారు. ఒక్కో గదికి 1 కిలోవాట్ లోడ్ ఇస్తారట. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే అటూఇటుగా 1.5 కిలోవాట్లు లాగుతుంది. నమూనాకి వేలాడదీసే 55 అంగుళాల టీవీలు ఆరుంటే ఇంకో ముప్పావు కిలోవాట్. లైట్లు, కంప్యూటరు, బిల్లింగ్ ప్రింటరు, వేడి గాలితో చిప్పులు విప్పే రీవర్క్ స్టేషనూ కలిపితే నాలుగు, ఐదు కిలోవాట్లకు తక్కువ కాదు. 1 కిలోవాట్‌తో బడ్డీకొట్టు నడుస్తుందేమో గానీ ఎలక్ట్రానిక్స్ దుకాణం నడవదు.

లోడ్ పెంచితే సరిపోదు. మమ్మల్ని భయపెడుతున్నది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ. మూడు ఫేజులూ, అంటే కరెంటు తెచ్చే మూడు తీగలూ, ఒక తాత్కాలిక పెట్టెకి తెచ్చి, అక్కడినుంచి వరసగా షెడ్లకి పంచుతున్నారు. అల్యూమినియం సర్వీస్ వైరుని రాగి తీగకి చుట్టి, మీద టేపు వేశారు. ఆ రెండు లోహాలూ తాకే చోట, ఈ చెమ్మలో, నాలుగు వానలు పడేసరికి తెల్లటి పొడి పట్టి పట్టు వదులుతుంది. ఫేజు పట్టు వదిలితే దీపం ఆరుతుంది, అంతే. న్యూట్రల్ వదిలితే దీపం ఆరదు, పేలుతుంది. ఒక ఫేజు మీద మూడు ఏసీలు, ఇంకో ఫేజు మీద నాలుగు బల్బులూ రెండు టీవీలూ ఉన్నాయనుకోండి. న్యూట్రల్ తెగితే ఆ రెండు లోడ్లూ 400 వోల్టుల మధ్య ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. బరువున్న వైపు వోల్టేజీ పడిపోతుంది, తేలికైన వైపు 300 దాటి పోతుంది. 230కి చేసిన టీవీ పవర్ బోర్డులో ముందు ఎక్కువ వోల్టేజీని అడ్డుకునే వేరిస్టర్ మాడి, తర్వాత పెద్ద కెపాసిటర్ ఉబ్బి పగులుతుంది. గోడమీది టీవీలన్నీ ఒక్క క్షణంలో పోతాయి. వోల్టేజీ దెబ్బకి కంపెనీ వారంటీ వర్తించదు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. అల్యూమినియం, రాగి కలిసే చోట రెండు లోహాలతో చేసిన బైమెటల్ లగ్గు పెట్టి, గట్టిగా నొక్కి క్రింపింగ్ చేయాలి. న్యూట్రల్ తీగ ఫేజు తీగంత లావుండాలి, దాని దారిలో ఫ్యూజు ఉండకూడదు. పెట్టె దగ్గర న్యూట్రల్‌కి ఎర్త్ కట్టాలి. ప్రతి షెడ్డులో ఎక్కువ, తక్కువ వోల్టేజీకి కోసేసే రిలే ఒకటి, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి ఉండాలి. రెండోది టీవీలకోసం కాదు, మనుషులకోసం. చుట్టూ రేకు, కింద తడి నేల, ఎక్కడైనా తీగ ఒరుసుకుంటే షెడ్డు షెడ్డంతా కరెంటే. రేకుల చట్రానికి ఎర్త్ కట్టారా అని అడిగితే కాంట్రాక్టరు మనిషి నవ్వాడు. ఏళ్ల తరబడి ఉప్పూ ఐసు నీళ్లూ తాగిన నేల అది. తడి ఉంది కాబట్టి ఎర్త్ బాగానే దొరుకుతుంది, కానీ ఆ ఉప్పే జింకు పూతేసిన ఇనుప (జీఐ) పైపుని తినేస్తుంది. రాగి పూత రాడ్లు వేయించండి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 2 వోల్టులు మించకుండా కొలిచి చూపించి, అప్పుడు తాళాలివ్వండి.

తీగ మందం కూడా చెప్పాలి. పెట్టె నుంచి చివరి షెడ్డు 60 మీటర్లుంటుంది. అంత దూరం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగితే, 22 ఆంపియర్ల లోడ్ మీద దాదాపు 20 వోల్టులు దారిలోనే పోతాయి. సాయంత్రం అసలే వోల్టేజీ తక్కువ. ఏసీ కంప్రెసర్ మూలుగుతుంది తప్ప తిరగదు.

గది కొలతలు ఎవరు ఖాయం చేశారో తెలియదు గానీ, మా పాత దుకాణాల్లో ఒక్కదానికీ పది అడుగుల ముఖం లేదు. దుకాణం ముందు పెట్టుకున్నది 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు, అంటే కాల్చి గట్టిపరిచింది. దాన్ని కాల్చక ముందే కోయాలి, ముందే బెజ్జాలు వేయాలి. ఒకసారి టఫెనింగ్ అయ్యాక అర అంగుళం తగ్గిద్దామని కట్టర్ పెట్టినా మొత్తం ముక్కలైపోతుంది. అంటే ఆ అద్దాలూ తలుపులూ తుక్కే. షెడ్డు ముఖం ఒక్క అడుగు పెద్దగా వేసుంటే చాలామందివి సరిపోయేవి. మామూలు ఎమ్‌డీఎఫ్‌తో, అంటే చెక్కపొడి అదిమి చేసిన పలకతో, చేయించుకున్న కౌంటర్లు ఆ నేల చెమ్మకి అడుగునుంచి ఉబ్బుతాయి, అవీ పోయినట్టే. 55 అంగుళాల టీవీ నాలుగడుగుల వెడల్పు. పదడుగుల గోడకి రెండే పడతాయి. అట్టపెట్టెల్ని నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే ప్యానెల్ చిట్లుతుంది. నిలబెడితే కొనుగోలుదారు నిలబడే చోటుండదు.

మే నెలలో ఆ రేకుల కింద ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, ఎన్నికల సభలకి వచ్చిన మీకు డెల్టా ఉక్కపోత తెలుసు. ఫోన్లు వాడేచోట 35 డిగ్రీలు, దాచేచోట 45 డిగ్రీలు దాటొద్దని తయారీదారులే రాస్తారు. రోజంతా ఛార్జింగులో ఉండే నమూనా ఫోన్లకి ఆ వేడి తోడైతే బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తుంది. రిపేరు బల్ల మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా, 350 డిగ్రీల వేడి గాలి, ఉబ్బిన లిథియం బ్యాటరీలు, మూడూ ఒకే చోట ఉంటాయి. రేకు వేడి తట్టుకోవడానికని షెడ్ల లోపల పైన కట్టింది ప్లాస్టిక్ టార్పాలిన్! అన్ని షెడ్లకీ ఒకే పొడుగు టార్పాలిన్. ఒక మూల అంటుకుంటే ఎన్ని షెడ్లు మిగులుతాయో అగ్నిమాపక శాఖవారిని తీసుకొచ్చి చూపించండి.

ఇంకో ముచ్చట. నాలుగు వైపులా రేకైతే లోపల సిగ్నల్ చావదు గానీ కొన ఊపిరితో ఉంటుంది. సిమ్ వేయాలంటే ఇ-కేవైసీకి సిగ్నల్ కావాలి, డబ్బు తీసుకోవడానికి యూపీఐకి సిగ్నల్ కావాలి. సిగ్నల్ బూస్టర్ పెట్టుకుందామంటే, అనుమతి లేని బూస్టర్ టెలికాం చట్టం ప్రకారం నేరం. ఫైబర్ తప్ప దారి లేదు. దానికి గొట్టం వేయకుండానే షెడ్ల ముందు సిమెంటు చేసేశారు. సెల్‌ఫోన్ల బజారుకి సిగ్నల్ లేకుండా చేసిన ఘనత మీ శాఖదేనండి.

కాగితాల దగ్గరికొస్తే ఒకే ముడి. షెడ్డుకి డోర్ నంబర్ లేదు, కేటాయింపు పత్రం లేదు, కరెంటు కనెక్షన్ కాంట్రాక్టరు పేరు మీద ఉంది. వ్యాపార స్థలం మారితే 15 రోజుల్లో జీఎస్టీలో రెగ్-14 అనే సవరణ దరఖాస్తు పెట్టాలి. దానికి చిరునామా రుజువు కావాలి. అద్దె ఒప్పందమో, పన్ను రసీదో, కరెంటు బిల్లో, మా దగ్గర ఒక్కటీ లేదు. అగ్ని ప్రమాదం, దొంగతనం బీమా పాలసీలో రాసిన చిరునామాలోని సరుకుకే వర్తిస్తుంది. సరుకు తాకట్టు మీద బ్యాంకు ఇచ్చిన క్యాష్ క్రెడిట్‌కీ అంతే, సరుకు ఎక్కడుందో వాళ్లకి కాగితం చూపాలి. వాయిదాల మీద ఫోన్లిచ్చే ఫైనాన్స్ కంపెనీలు చోటు మారితే మళ్లీ తనిఖీ చేసిగానీ దుకాణం కోడ్ తెరవవు. మీరివ్వని ఒక్క కాగితం వల్ల ఇన్ని ఆగుతాయి. దానికి కావలసింది కమిషనర్ గారి సంతకమూ రౌండు సీలూ. నిధులు అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు.

తేదీ సంగతి కూడా అడగాలి. డెల్టాలో పునాది తవ్వడానికి కాలవలు కట్టేసిన వేసవి నెలలే మంచివి, అప్పుడే నేలలో నీరు దిగుతుంది. వానాకాలం నడిమధ్య తవ్వితే పంపులు పెట్టి నీళ్లు తోడటంతోనే కాలం గడుస్తుంది. మీరు ఖాళీ చేయమన్నది సరిగ్గా దసరా ముందు. దసరా, దీపావళి, ఆ వెంటనే సార్వా కోతల డబ్బు, సంక్రాంతికి హైదరాబాదు నుంచీ గల్ఫు నుంచీ వచ్చేవాళ్లు, మా ఏడాది తిండి ఆ నాలుగు నెలల్లోనే ఉంది. సంక్రాంతి అయ్యాక షెడ్లకి మారతాం, కాలవలు కట్టేసే వేళకి మీరు కాంప్లెక్స్ నేలమట్టం చేసుకోవచ్చు అని రాసిచ్చాం. ఆ కాగితానికి కూడా ‘పరిష్కరించబడినది’ అనే వచ్చింది.

కొత్త కాంప్లెక్స్‌లో పాతవాళ్లకే ముందు అవకాశం అన్నారు. నోటితో అన్నారు. జీవోలో లేదు. వేలం పెడితే మాకంటే జేబు బరువున్నవాళ్లు వస్తారని మీకు తెలియంది కాదు. దయచేసి రాతలో ఇవ్వండి. గడప ఎత్తు ఇప్పటి రోడ్డుకి కాదు, ఇంకో రెండుసార్లు తారేశాక ఉండబోయే రోడ్డుకి లెక్కేసి పెట్టమని మీ ఇంజినీర్లకి చెప్పండి. డ్రైను ముందు కలిపి, తర్వాత గోడలు లేపమనండి.

మంత్రి గారూ, షెడ్లకి సరైన కరెంటు, కేటాయింపు కాగితం, సంక్రాంతి దాకా గడువు. ఒక ఇంజినీరునీ, మల్టీమీటరు పట్టుకున్న ఒక ఎలక్ట్రీషియన్నీ పంపండి. కొలతలు మా ఎదురుగా తీసి, రిజిస్టరులో రాసి, సంతకం పెట్టమనండి. ఆ పేజీ నకలు మా చేతికొస్తే, సంక్రాంతి అయిన వారంలో కాంప్లెక్స్ తాళాలు మేమే తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
కాంప్లెక్స్ మొబైల్, కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ దుకాణదారులు, మెకానిక్కులు

నకలు: పురపాలక కమిషనర్ గారికి. మునుపటి అర్జీలు కనబడటం లేదన్నారు కాబట్టి ఈసారి అందినట్టు సీలు వేయించుకుంటున్నాం.