ఓటీపీ రాకుండా డబ్బు ఎలా పోయిందంటే

అమ్మలూ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. 999 రూపాయలు, పక్కన ఆ షాపింగ్ యాప్ పేరు, కింద ఆటోపే అని చిన్న అక్షరాలు. "ఓటీపీ రాలేదు, పిన్ కొట్టలేదు, ఎవరో హ్యాక్ చేశారు, కార్డు బ్లాక్ చేయించనా" అని అడిగావు. ముందు ఆ కంగారు మానుకో. కార్డు బ్లాక్ చేయిస్తే ఒరిగేదేమీ లేదు. నువ్వు 1 రూపాయి ట్రయల్‌తో మొదలుపెట్టిన ఆ యాప్ మెంబర్‌షిప్ కింద కట్ అయిన డబ్బు ఇది. కార్డు మీద పోలేదు, యూపీఐ ఆటోపే మీద పోయింది.

ఈ సంగతి తేలేదాకా ఆ యాప్‌లో ఏ ఆర్డరూ పెట్టకు. డబ్బు ఎలాగూ పోయింది కదా, ఉచిత డెలివరీ అయినా వాడుకుందాం అనిపిస్తుంది. అక్కడే దెబ్బ తింటాం. డబ్బు కట్ అయ్యాక ఒక్క సదుపాయమూ వాడుకోని వాళ్ళకే పూర్తి మొత్తం వెనక్కిస్తామని చాలా మెంబర్‌షిప్‌ల నిబంధనల్లో ఉంటుంది. ఒక్క సబ్బు తెప్పించుకున్నా ఆ దారి మూసుకుపోతుంది.

ఇక పిన్ సంగతి. ఇవాళ కొట్టలేదు, నిజమే. ఆ 1 రూపాయి ట్రయల్ తీసుకున్న రోజు కొట్టావు. ఆ రోజు నువ్వు 1 రూపాయి పంపాననుకున్నావు గానీ, దాంతోపాటు ఒక మాండేట్‌కి ఒప్పుకున్నావు. ఫలానా కంపెనీ, ఫలానా మొత్తం దాకా, ఫలానా తేదీ వరకు, నన్ను మళ్ళీ అడక్కుండా నా ఖాతాలోంచి తీసుకోవచ్చు అని బ్యాంకుకి ఇచ్చే అనుమతి అది. యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ వాళ్ళు 2020 జూలైలో యూపీఐలో దీన్ని ప్రవేశపెట్టారు. కార్డుల మీద కట్ అయ్యేవాటికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలయ్యాయి. అనుమతి ఇచ్చేటప్పుడు ఓటీపీ లాంటి ధ్రువీకరణ, యూపీఐ అయితే పిన్, తప్పనిసరి. ఆ తర్వాత ప్రతిసారీ కట్ అయ్యేటప్పుడు మాత్రం, మొత్తం 15,000 రూపాయల లోపు ఉంటే అడగాల్సిన పని లేదు. ఆ పరిమితి మొదట్లో 5,000 ఉండేది, 2022 జూన్‌లో పెంచారు. షాపింగ్ మెంబర్‌షిప్ ఏదైనా ఆ లోపే ఉంటుంది కాబట్టి రెండోసారి నుంచి నీకు ఓటీపీ ఎప్పటికీ రాదు.

ఓటీపీ బదులు రావాల్సింది ఇంకొకటుంది. డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు నీకు సమాచారం పంపాలి. ఎవరు తీసుకోబోతున్నారు, ఎంత, ఏ తేదీన అనేది అందులో ఉండాలి. అది చూసి ఆ ఒక్కసారికి వద్దనుకోవచ్చు, అసలు మాండేట్‌నే తీసేయొచ్చు. నీ ఫోన్‌లో ఎస్‌ఎంఎస్‌లు, మెయిల్, యూపీఐ యాప్ నోటిఫికేషన్లు మూడూ వెతుకు. చాలామందికి ఇది వస్తుంది, ఆఫర్ల మెసేజ్‌ల మధ్య కలిసిపోతుంది. పంపినవాళ్ళ పేరు చివర గీత పెట్టి 'పి' అక్షరం ఉంటే ప్రచారం, 'టి' గానీ 'ఎస్' గానీ ఉంటే లావాదేవీకి, సేవకి సంబంధించింది. 'పి' ఉన్నవి చదవకుండా తీసేసినా ఫరవాలేదు గానీ మిగతావి అలా చేయకు. ఒకవేళ ఎక్కడ వెతికినా ఆ ముందస్తు సమాచారం రాలేదని తేలితే, ఆ మాట రాసి పెట్టుకో. బ్యాంకుకి ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే నీ బలమైన పాయింటు.

ఇప్పుడు చేయాల్సిన పని. ముందు మెంబర్‌షిప్ రద్దు, తర్వాత మాండేట్ రద్దు. రెండూ చెయ్యాలి, ఒకటి సరిపోదు. ఉత్త మాండేట్ తీసేస్తే కంపెనీ లెక్కలో నువ్వింకా మెంబర్‌వే. నీ ఖాతాలో దాచిన ఇంకో కార్డు నుంచో, వాళ్ళ వాలెట్‌లో ఉన్న డబ్బు నుంచో తీసుకునే అవకాశం ఉంటుంది. ఉత్త మెంబర్‌షిప్ రద్దు చేస్తే మాండేట్ బ్యాంకు దగ్గర బతికే ఉంటుంది. రేపు పొరపాటున ఒక బటన్ నొక్కితే మళ్ళీ పిన్ అడక్కుండానే డబ్బు పోవచ్చు. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఈ రెండిట్లో ఏదీ జరగదు. ఫోన్ మార్చినా, యూపీఐ పిన్ మార్చినా అంతే. మాండేట్ ఉండేది ఫోన్‌లో కాదు, బ్యాంకు ఖాతా మీద.

మెంబర్‌షిప్ రద్దు బటన్ కోసం ఆ యాప్‌లో అకౌంట్, ఆ తర్వాత మెంబర్‌షిప్ పేరు, దాని లోపల "మేనేజ్" అనే మాట చూడు. ఓపిగ్గా చివరిదాకా వెళ్ళు. మధ్యలో రెండు మూడు పేజీలు అడ్డొస్తాయి. ఇన్ని వందలు ఆదా చేశారు, ఇవన్నీ పోగొట్టుకుంటారు, రెండు నెలలు ఆపి ఉంచుకోండి అని చెబుతాయి. పెద్దగా, రంగులో మెరిసే బటన్ ఎప్పుడూ "ఉంచుకుంటాను" అనేదే. నీక్కావలసింది కింద బూడిద రంగులో ఉంటుంది. "రిమైండ్ మీ లేటర్" నొక్కితే రద్దు కాదు. "పాజ్" నొక్కినా రద్దు కాదు, గడువు తీరాక మళ్ళీ మొదలవుతుంది. ఫలానా తేదీతో మీ మెంబర్‌షిప్ ముగుస్తుందని తెర మీద చూసేదాకా, మెయిల్‌లో అదే మాట వచ్చేదాకా పని అయినట్టు కాదు. రెండిటికీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

ఈ దారి ఇంత చుట్టుతిరుగుడుగా ఉండటం యాదృచ్ఛికం కాదమ్మా. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో అమెజాన్ మీద వేసిన కేసులో రాసింది ఇదే. ప్రైమ్ అనే వాళ్ళ మెంబర్‌షిప్‌లో చేరడం సులువు, వదిలించుకోవాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఆప్షన్లు దాటాలి అని. 2025 సెప్టెంబర్‌లో ఆ కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే 250 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగి ఇవ్వడానికి. కాబట్టి బటన్ దొరకలేదంటే నీకు తెలివి తక్కువై కాదు. అంత పెద్ద చోటే అలా కట్టి పెట్టారు, చిన్నవాళ్ళ సంగతి చెప్పేదేముంది.

మాండేట్ తీసేయడం దానికంటే తేలిక. ట్రయల్ తీసుకున్న రోజు ఏ యూపీఐ యాప్ వాడావో అదే తెరువు. ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఆటోపే అని కనబడుతుంది. నీ దగ్గర మూడు యాప్‌లున్నాయి కదా, ఒకదాంట్లో ఇచ్చిన అనుమతి ఇంకోదాంట్లో కనబడకపోవచ్చు, మూడూ చూడు. జాబితాలో ఆ కంపెనీ పేరు నొక్కితే గరిష్ఠ మొత్తం, ఎన్నాళ్ళకోసారి, ముగింపు తేదీ, పొడవైన మాండేట్ నంబర్ ఉంటాయి. దాన్ని ముందు స్క్రీన్‌షాట్ తీసి, తర్వాత రద్దు చెయ్. ఇక్కడ పిన్ అడుగుతుంది, కొట్టొచ్చు. గరిష్ఠ మొత్తం కళ్ళు పెట్టి చూడు. ట్రయల్ 1 రూపాయి అన్నవాళ్ళు మాండేట్ 5,000 దాకా, ముగింపు ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత అని పెట్టడం మామూలే. రేపు చందా పెంచినా మళ్ళీ నీ అనుమతి అడగక్కర్లేకుండా అలా పెట్టుకుంటారు.

రీఫండ్‌కి చాట్‌లో అడుగు, ఫోన్‌లో వద్దు. చాట్‌లో ప్రతి మాటకీ సాక్ష్యం ఉంటుంది. మొదటి మెసేజ్‌లోనే అన్నీ రాసెయ్: కట్ అయిన తేదీ, మొత్తం, యూపీఐ లావాదేవీ పన్నెండంకెల నంబర్, ఆ తర్వాత మెంబర్‌షిప్ వాడుకోలేదు, రద్దు చేశాను, పూర్తి మొత్తం అదే ఖాతాకి కావాలి అని. వాళ్ళు ముందు "కూపన్ ఇస్తాం", "వాలెట్‌లో వేస్తాం" అంటారు. వద్దను. వాలెట్‌లో పడ్డ డబ్బు వాళ్ళ దగ్గరే ఖర్చు పెట్టాలి. టికెట్ నంబర్ అడిగి తీసుకో.

అక్కడ కుదరకపోతే అదే యాప్ లేదా వెబ్‌సైట్ అడుగున గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి పేరు, మెయిల్ ఉంటాయి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఉండి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ నిబంధనల్లోనే ఇంకొకటుంది: కొనేవాళ్ళ సమ్మతిని ముందే టిక్ పెట్టిన గడి ద్వారా తీసుకోకూడదు. నువ్వు ఆ ట్రయల్‌ని కావాలని ఎంచుకున్నావా, లేక కార్ట్‌లో దానంతటదే వచ్చి కూర్చుందా అన్నది గుర్తు చేసుకుని రాయి. దానంతటదే వస్తే నీ వాదన చాలా బలపడుతుంది. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద మార్గదర్శకాలు తెచ్చి పదమూడు రకాల మాయలను నిషేధించింది. కార్ట్‌లో అడక్కుండా సరుకో మెంబర్‌షిప్పో చేర్చడం, అంటే బాస్కెట్ స్నీకింగ్, అందులో ఉంది. సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ కూడా ఉంది. రద్దు చేసే దారిని దాచడం, పొడుగు చేయడం ఎలాగూ తప్పే. ఉచిత ట్రయల్ కోసం ఆటో డెబిట్ అనుమతి బలవంతంగా తీసుకోవడాన్నీ ఆ నిర్వచనంలోనే చేర్చారు. నీ మెయిల్‌లో ఈ రెండు పేర్లూ రాయి. చట్టం తెలిసిన మనిషి రాసిందని వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

దానికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడొచ్చు. డబ్బేమీ తీసుకోరు. వాళ్ళు కంపెనీకి పంపుతారు, 999 లాంటి మొత్తాలు చాలావరకు ఆ దశలోనే తేలిపోతాయి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాల్సి వచ్చినా 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు.

బ్యాంకు దగ్గరికి మాత్రం ఆలోచించి వెళ్ళు. "మోసం జరిగింది" అని ఫిర్యాదు పెడితే వాళ్ళు రికార్డు తీసి, ఫలానా రోజు మీరే పిన్ కొట్టి అనుమతిచ్చారు అని ఫైలు మూసేస్తారు. మూడు పని దినాల్లో చెబితే నష్టం మనది కాదనే రిజర్వ్ బ్యాంకు నిబంధన మన అనుమతి లేకుండా జరిగినవాటికి, దీనికి కాదు. బ్యాంకు జవాబు చెప్పాల్సింది రెండు సందర్భాల్లో: 24 గంటల ముందు సమాచారం రాకపోతే, మాండేట్ రద్దు చేశాక కూడా డబ్బు కట్ అయితే. అప్పుడు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు ఆగు. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, సీఎంఎస్ అనే వాళ్ళ ఫిర్యాదుల పోర్టల్‌లో ఉచితంగా పెట్టొచ్చు.

ఒక్క పని మాత్రం అస్సలు చేయకు. ఆ యాప్ కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతకకు. అలా దొరికే నంబర్లలో దొంగవి ఎన్నో. రీఫండ్ వేస్తాం, ఈ యాప్ ఒకటి దింపుకోండి అని నీ ఫోన్ తెర వాళ్ళు చూసేలా చేస్తారు, డబ్బు రావడానికి పిన్ కొట్టమంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. 999 కోసం వెళ్ళి జీతమంతా పోగొట్టుకునేది అక్కడే. ఎప్పుడైనా అలాంటిది జరిగితే ఒక్క నిమిషం ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్.

ఇది అయ్యాక మిగతావీ ఒకసారి చూడు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ కింద పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ ఉంటుంది. క్రెడిట్ కార్డు మీద ఉన్నవి బ్యాంకు యాప్‌లో ఈ-మాండేట్ అనో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అనో కనబడతాయి. స్టేట్‌మెంట్‌లో ఒక్కోసారి కంపెనీ పేరు బదులు పేమెంట్ గేట్‌వే పేరు పడుతుంది. పేరు తెలియట్లేదని వదిలేయకు, ఆ మొత్తాన్ని మెయిల్‌లో వెతుకు, బిల్లు దొరుకుతుంది. 49, 99, 149 అని కనిపించేవి ముందు చూడు. చిన్నవి కాబట్టే ఎవరూ పట్టించుకోరు, కానీ నెలకి 149 అంటే ఏడాదికి 1,788.

ఖాతాలో డబ్బు లేకుండా ఉంచితే కట్ కాదు కదా అని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. అలా చేయొద్దని చెప్పు. ఒకసారి కాకపోతే మళ్ళీ ప్రయత్నిస్తారు, జీతం పడ్డ రోజు తీసుకోవచ్చు. ఈఎంఐల లాంటివాటికి బ్యాంకు ఖాతా మీద ఇచ్చే నాచ్ మాండేట్ అయితే కొన్ని బ్యాంకులు తిరిగొచ్చినందుకు పైగా జరిమానా వేస్తాయి.

మెంబర్‌షిప్‌లు అన్నీ చెడ్డవని నేననను. డెలివరీకి 40 రూపాయలు పడే చోట 999 కట్టావంటే, ఏడాదికి కనీసం పాతిక ఆర్డర్లు పెడితేనే గిట్టుబాటు. పోయిన ఏడాది ఎన్ని పెట్టావో ఆర్డర్ హిస్టరీలో లెక్కపెట్టుకుని, ఆ పైన నిర్ణయించుకో. ఫలానా మొత్తం దాటిన ఆర్డర్లకి డెలివరీ ఎలాగూ ఉచితమైతే వాటిని లెక్కలోంచి తీసెయ్. తీసుకోవాలనిపిస్తే ఆటోపే లేకుండా ఒక్కసారి కట్టే దారి ఉందేమో వెతుకు. లేకపోతే తీసుకున్న రోజే రద్దు చేసుకో. చాలాచోట్ల కట్టిన గడువు దాకా సదుపాయం ఉంటుంది, తర్వాత రెన్యువల్ ఆగిపోతుంది. కొన్ని ట్రయల్స్‌కి మాత్రం రద్దు చేసిన క్షణమే ఆగిపోతుంది, ఆ లైన్ చదివి నొక్కు.

ఇవాళ రాత్రికి ముందు మెంబర్‌షిప్, తర్వాత మాండేట్ రద్దు చేసి స్క్రీన్‌షాట్లు పంపు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ రాయాల్సి వస్తే పంపేముందు నాకు చూపించు, తేదీలు సరిచూసి చెబుతాను.

ప్రేమతో,
అమ్మ