డైటీషియన్‌కు దండ, కిందే తేనె చిట్కా

సంపాదకులు గారికి,

పది రోజుల కిందట మీ కుటుంబం పేజీలో ఒక డైటీషియన్ గురించి అర పేజీ వేశారు. హోంసైన్స్ చదివి, ఆసుపత్రిలో చేరి, మధుమేహంపై పీహెచ్‌డీ చేసి, ఇవాళ నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెబుతున్నారని. సంతోషం, ఇన్నాళ్లకు ఒక డైటీషియన్ ఫొటో వంటల పేజీ బయట కనిపించింది. ఆమెకు ఇష్టమైన టిఫిన్ ఏమిటో, పొద్దున ఎన్నింటికి లేస్తారో కూడా రాశారు. ఏం పరిశోధన చేశారో మాత్రం రాయలేదు. పోనీ అనుకుంటే, ఆ కథనం కిందే రంగు డబ్బా కట్టి ‘షుగర్‌కు చెక్’ అంటూ చిట్కాలు: పొద్దున్నే గ్లాసుడు రాగి జావ, పంచదార మానేసి బెల్లమో తేనో, రాత్రికి అన్నం బంద్, రెండు చపాతీలు. ఇవి పట్టుకుని వచ్చినవాళ్లకు నచ్చజెప్పడంతోనే ఈ వృత్తిలో సగం రోజు గడిచిపోతుంది.

సవరణ వస్తుందేమోనని చూశాను. వచ్చింది. ఆమె ఊరి పేరులో అచ్చుతప్పు పడిందట!

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, మీ విలేకరులకు తెలియని చోటేమీ కాదు. అది 2017లో తెచ్చిన ఆహార పోషక విలువల పట్టిక చూస్తే, 100 గ్రాముల తెల్ల బియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములు, రాగుల్లో 67. తేడా అంతే. రాగుల గొప్పంతా పీచులో ఉంది: రాగుల్లో 11 గ్రాములు, బియ్యంలో మూడు కూడా లేదు. ఆ రాగుల్ని మెత్తగా పట్టించి, జల్లెడ పట్టి, పొట్టు పారేసి, బోలెడు నీళ్లలో ఉడికించి, నమలకుండా గటగటా తాగితే కడుపులో ఎంతసేపుంటుంది? త్వరగా రక్తంలోకి చేరుతుంది. అదే జల్లించని పిండిని గట్టి సంగటిగా కెలికి, ఆకుకూర పప్పుతో తింటే నెమ్మదిగా అరుగుతుంది. అదీ ఎన్ని ముద్దలన్న లెక్క ఉంటేనే. ఇక బెల్లంలో 100కి 85 గ్రాములు పిండిపదార్థమే. తేనె కూడా ఆ దరిదాపుల్లోనే. పంచదార మాని తేనె వాడటమంటే ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో పెట్టుకోవడమే.

బియ్యానిదీ ఇదే గోల. తెలంగాణ సోనా రకం గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే సంఖ్య) యాభై పైచిలుకు, తక్కువ తరగతికి హద్దు 55. నిజమే. కానీ ఆ సంఖ్యను 50 గ్రాముల పిండిపదార్థం ఉన్న పరిమాణంతో కొలుస్తారు. అంటే సుమారు 65 గ్రాముల బియ్యం వండితే వచ్చే అన్నం. ‘షుగర్ బియ్యం’ అని సంచి మీద ఉందని మారు వడ్డించుకునేవారికి ఆ సంఖ్య వర్తించదు.

అసలు భయపెట్టేది ఆ చపాతీ చిట్కా. రాత్రి భోజనానికి అరగంట ముందు 30/70 మిక్స్ ఇన్సులిన్ (త్వరగా పనిచేసేది 30, నిదానంగా పనిచేసేది 70 పాళ్లు కలిపినది) చేసుకునే మనిషి పావుకిలో అన్నం తింటాడనుకోండి, సుమారు 70 గ్రాముల పిండిపదార్థం. ఇన్సులిన్ మోతాదు దానికి తగ్గట్టు కుదిరి ఉంటుంది. మీ పేపరు చదివి రెండు చపాతీలకు మారితే 40 గ్రాములు. ఇన్సులిన్ మాత్రం అంతే. షుగర్ పడిపోయి తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, వణుకు. రక్తంలో షుగర్ 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. చాక్లెట్ ఇవ్వకూడదు, అందులోని కొవ్వు వల్ల ఆలస్యమవుతుంది. వోగ్లిబోస్ అనే షుగర్ మాత్ర వేసుకునేవారికి పంచదార కూడా సరిగా అందదు, గ్లూకోజు పొడే ఇవ్వాలి. ఈ ఒక్క ముక్క ఎంతమంది ఇళ్లలో తెలుసు?

అలాగే సిరంజీ. ఎర్రమూతది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్‌కు, నారింజ మూతది 100 ఉండేదానికి. 40 వయల్‌లోంచి నారింజ మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. తారుమారై 100 వయల్‌కు ఎర్రమూత సిరంజీ వాడితే 20కి బదులు 50! ఇది డైటీషియన్ పనా అని కొందరు డాక్టర్లే మూతి విరుస్తారు. మరి ఎవరి పని? ఓపీలో మనిషికి రెండు నిమిషాలిచ్చే డాక్టరుగారిదా?

ఇక ఆమె ‘ప్రస్థానం’ సంగతి. ఎంత కష్టపడ్డారో రాశారు, ఎందుకంత కష్టపడాల్సి వచ్చిందో వదిలేశారు. మన దగ్గర పోషకాహారంలో పీహెచ్‌డీ ఎక్కువగా తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, హైదరాబాద్ సైఫాబాద్ కాలేజీ లాంటి చోట్ల హోంసైన్స్ గూట్లో ఉంటుంది. (కొన్నిచోట్ల దాన్నిప్పుడు కమ్యూనిటీ సైన్స్ అంటున్నారు. బోర్డు మారింది.) షుగర్ రోగులేమో ఆసుపత్రుల్లో. గైడ్ ఉన్నచోట రోగి లేడు, రోగి ఉన్నచోట గైడ్ లేడు. ఆసుపత్రిలో డైటీషియన్‌కు పొద్దున పాల ప్యాకెట్లు, గుడ్ల ఇండెంటుతో మొదలై, ఐసీయూ ట్యూబ్ ఫీడ్ల లెక్కలతో మధ్యాహ్నమవుతుంది. తర్వాత ఓపీలో చేతికిచ్చేది జిరాక్సుకు జిరాక్సు తీసిన చార్టు: ‘అన్నం 1 కప్పు’. ఏ కప్పు? టీ కప్పా, కొలత కప్పా? మనిషిని కూర్చోబెట్టి, వాళ్లింటి గరిటె ఎంతదో అడిగి, నిన్న పొద్దుట్నుంచి తిన్నవన్నీ చెప్పించి, విన్నది తిరిగి అప్పజెప్పించుకుంటే అరగంట పడుతుంది. అదే చికిత్స. చెన్నైలో రామచంద్రన్ గారి బృందం షుగర్ వచ్చే దశలో ఉన్న 531 మందిపై చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, తిండి, నడక సలహాలతోనే షుగర్ రావడం 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్రతో 26.4 శాతం.

తెలుగునాట మనం చేయించే థీసిస్‌లు చూడండి. ముప్పై మందిని పోగుచేసి, ఒక కరపత్రమిచ్చి, అదే పూట ముందూ వెనకా అవే ప్రశ్నలడిగి ‘అవగాహన పెరిగింది’ అని తేలుస్తారు. నెల తిరక్కముందే హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) చేయించి ఫలితమంటారు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులుంటుంది, మూడు నెలలాగకుండా ఆ అంకె ఏం చెబుతుంది? రోగులకు నేర్పిందేమిటో, ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలో ఒక్క పేజీలో ఉండదు. వైవా రోజు భోజనాలు మాత్రం బ్రహ్మాండం.

2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది, అందులో డైటీషియన్లూ ఉన్నారు. 2025 నుంచి ఈ కోర్సులు దూరవిద్యలో చెప్పకూడదని యూజీసీ కూడా అంది. బ్రిటన్‌లో నమోదు లేకుండా డైటీషియన్ అని చెప్పుకుంటే నేరం. ఇక్కడ 21 రోజుల సర్టిఫికెట్‌తో వాట్సాప్‌లో ‘డైట్ కోచ్’ అయిపోవచ్చు, మీ పేపర్లో చిట్కాల డబ్బాకూ ఎక్కవచ్చు.

సవరణ వేస్తే ఆ చిట్కాలు పడినచోటే, అంతే పెద్ద డబ్బాలో వేయండి. చివర్లో చీమ తలకాయంత అక్షరాల్లో ‘వైద్యుణ్ని సంప్రదించండి’ అంటే సరిపోదు. మిగతావన్నీ వదిలేసినా ఇన్సులిన్ వాడేవారు మోతాదు గురించి అడగకుండా రాత్రి అన్నం మానొద్దన్న ఒక్క వాక్యం అందులో ఉండాలి.

— ఒక పోషకాహార అధ్యాపకురాలు, తిరుపతి