ఉదయగిరి ఎక్కాం, పెంచలకోన ఆగింది: ఈ ఏటి కార్యదర్శి నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

కొండలెక్కే మన సంఘం నిబంధన ప్రకారం ఈ నివేదికను సర్వసభ్య సమావేశంలో చదవాలి. చదివే సమయానికి సగం మంది టీ కోసం బయట ఉంటారని తెలుసు కాబట్టి అచ్చు వేయించి కూడా పంచుతున్నాం.

ఈ ఏడాది చెప్పుకోవాల్సింది ఉదయగిరి దుర్గం. నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వెళ్ళి దర్శనం చేసుకుని, కింద నుంచే కొండకు దండం పెట్టి వచ్చేవాళ్ళం ఇన్నాళ్ళూ. ఈసారి పైదాకా ఎక్కాం. సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగుల ఎత్తు. ఒడిశా గజపతి రాజుల నుంచి ఈ కోట పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకే 1513 నుంచి 1514 దాకా పట్టింది. మా అనుమతి ఉత్తరం కూడా దాదాపు అదే వేగంతో కదిలింది. ఒక కార్యాలయంలో ఇస్తే ఇంకో కార్యాలయానికి పొమ్మన్నారు, అక్కడికెళ్తే సారు క్యాంపులో ఉన్నారన్నారు. ఎర్రచందనం దొంగల భయంతో వెలికొండల్లో గుంపుగా తిరిగేవాళ్ళందరినీ అనుమానంగా చూడడం అర్థమయ్యేదే. కానీ ఆధార్ కాపీలతో సహా ముందే రాసిచ్చినవాళ్ళని కూడా తిప్పడం ఎందుకో అర్థం కాలేదు.

బయల్దేరడానికి ముందు చేసిన పనే ఎక్కువ. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు పటం దించుకుని, ఫోన్‌లో సిగ్నల్ లేకున్నా కనిపించేలా మ్యాపు పెట్టుకుని, మన కుర్రాళ్ళు ఇద్దరు ముందుగా వెళ్ళి దారి చూసి వచ్చారు. పాత మెట్లదారి చాలాచోట్ల కంపల్లో కలిసిపోయింది. నడుమెత్తు బోదగడ్డిలో అడుగు ఎక్కడ వేస్తున్నామో కనపడదు, కింద రక్తపింజర ఉండొచ్చు. అందుకే బూట్లు, చేతికర్ర లేనివాళ్ళని బస్సు ఎక్కించలేదు. దీనిమీద కోపం తెచ్చుకున్నవారు ఇంకా మాట్లాడడం లేదు. మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా అక్కడి నుంచే వెనక్కి తిరగాలని ముందే ఒప్పందం. చలికాలమైనా మన ఎండని నమ్మకూడదు.

తెల్లవారుజామున టార్చిలైట్ల వెలుగులో మొదలుపెట్టాం. పశువులు కాసే ఊరి పెద్దాయన ముందు నడిచారు, చెప్పులు కూడా లేవు. పైన పాడుబడిన మసీదులు, కోనేరు, కూలిన గోడలు. ఇక్కడి గుళ్ళోని బాలకృష్ణుడినే రాయలు హంపీకి తీసుకెళ్ళి కొత్త గుడి కట్టించారు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఈ సంగతి చెప్పుకుంటూ బురుజు నీడలో పులిహోర తిన్నాం. రిటైరైన మన టీచరుగారు అరవై దాటిన వయసులో అందరికంటే ముందు కోనేరు దగ్గర కూర్చుని ఉన్నారు. దిగేటప్పుడు ఒకరి మోకాలు పట్టేసింది, వంతులవారీగా భుజం ఇచ్చి దించాం. ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడా కొండమీద వదల్లేదు. వేరేవాళ్ళు వదిలినవి కూడా రెండు గోతాలు దించాం.

పేర్లిచ్చినవాళ్ళలో సగం మంది కూడా రాలేదని ఇక్కడ చెప్పక తప్పదు. వాళ్ళ కోసం కట్టిన బస్సు అడ్వాన్సు పోయింది. ముందురోజు రాత్రి పది గంటలకు "అత్తగారింటికి వెళ్ళాలి" అని మెసేజ్ పెట్టడం కన్నా మొదట్లోనే పేరు ఇవ్వకపోవడం మేలు.

నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు చూసే కార్యక్రమం బాగానే జరిగింది, పిల్లలు సంతోషించారు. వాయుగుండం వల్ల పెంచలకోన జలపాతం ప్రయాణం ఆపేశాం. ఆపినందుకు తిట్టినవాళ్ళు ఆ వారం వాగులు ఎలా పారాయో టీవీలో చూసే ఉంటారు.

సొంతంగా వెళ్ళేవాళ్ళకి ఒక మాట. బైకులేసుకుని ఇద్దరు ముగ్గురు కొండల్లోకి వెళ్ళిపోతున్నారు. వెళ్ళండి, సంఘం ఉన్నదే అందుకు. కానీ ఎటు వెళ్తున్నారు, ఎవరితో, ఏ దారిన, ఎప్పటికి తిరిగొస్తారు అని చీటీ రాసి ఒకరి దగ్గర పెట్టి వెళ్ళండి. చెప్పిన టైముకి రాకపోతే వెతకాల్సిన చోటు మాకు తెలియాలి. పాము కరిస్తే కట్లు కట్టి, గాయం కోసి టైము పోగొట్టవద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి, సిగ్నల్ ఎక్కడ అందుతుందో ముందే తెలుసుకోవాలి.

లెక్కలు: పట్టిక కోశాధికారిగారి దగ్గర ఉంది, ఆడిట్ అయింది, ఖర్చు ఆదాయం కంటే కొద్దిగా ఎక్కువ. చందాలు బాకీ ఉన్నవారి పేర్లు చదవడం లేదు.

బస్సు తగ్గించి ఇచ్చిన ట్రావెల్స్ యజమానికి, పులిహోర చేసి పంపిన మహిళా సభ్యులకి, మందుల పెట్టె ఇచ్చిన డాక్టరుగారికి, ఉదయగిరిలో రాత్రి పడుకోవడానికి హాలు ఇచ్చినవారికి, దారి చూపిన పెద్దాయనకి, ఫోటోలు తీసిన తమ్ముళ్ళకి కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచి ఉంటే మన్నించాలి.

వచ్చే ఏడాదికి భైరవకోన అనుకుంటున్నాం. కార్తీక పౌర్ణమికి జనం విపరీతం, ఆ వారం వద్దు; తర్వాత వెళ్తే గుహాలయాలు ఎనిమిదీ నిదానంగా చూడొచ్చు. ముందుగా దారి చూసి రావడానికి ఇద్దరు కావాలి. పేర్లు ఈ సమావేశంలోనే ఇవ్వండి, అడ్వాన్సుతో పాటు.